పెన్‌డ్రైవులో వదిన

మా కొట్టుకీ ఊదుడు అన్నయ్య కొట్టుకీ మధ్య ఉన్నది గోడ కాదు, ప్లైవుడ్ చెక్క. అటువైపు తుమ్మితే ఇటు నా జెరాక్సు మిషను మీద కాగితాలు లేస్తాయి. ఆయన బతుకు నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని నేనంటే గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకోకండి. వద్దన్నా వినపడేది, అంతే.

ఆయన అసలు పేరు బోర్డు మీద ఉండేది. బోర్డు వెలిసిపోయాక ఆ పేరుతో ఎవరికీ పనిలేకుండా పోయింది. ఏ కంప్యూటరు తెచ్చి బల్ల మీద పెట్టినా ముందు దాన్ని బోర్లించి, రబ్బరు బుడ్డి నొక్కి బుస్సుమని దుమ్ము ఊదేవాడు. తెర పగిలిందని తెచ్చినా ఊదేవాడు, పాస్‌వర్డు మరిచిపోయామని తెచ్చినా ఊదేవాడు. "ముందు దాన్ని కాస్త ఊపిరి పీల్చుకోనివ్వండి, జబ్బు సంగతి తర్వాత చూద్దాం" అనేవాడు. అలా ఊదుడు అన్నయ్య అయ్యాడు. నాకేం తోడబుట్టినవాడు కాదు. పక్కపక్క కొట్లలో జుట్టు నెరిసేదాకా కూర్చుంటే వరసలు వాటంతటవే కలుస్తాయి. ఆయన అన్నయ్య, ఆయన భార్య వదిన, వాళ్ళ ఒక్కగానొక్క కూతురికి నేను అత్తని.

కొట్టు ఆయనదే గాని బుర్ర వదినది. ఆయన మరలు విప్పేవాడు, ఆవిడ లోపలి సంగతులు చక్కబెట్టేది. వీధి చివరి బడివాళ్ళు టీచర్లందరికీ నెట్‌బుక్కులు కొన్నప్పుడు వాటి బాగోగులు చూసే పని వీళ్ళకే అప్పజెప్పారు. నెట్‌బుక్కంటే పలక కన్నా కాస్త పెద్దది, లాప్‌టాప్ కన్నా బాగా చిన్నది. సీడీ పెట్టే చోటు కూడా ఉండదు. లోపలి వ్యవస్థ చెడి, కంపెనీ బొమ్మ దగ్గరే ఆగిపోయి మొరాయించిందంటే దాన్ని మళ్ళీ నిలబెట్టడానికి పెన్‌డ్రైవు ఒక్కటే దారి. బాగున్న నెట్‌బుక్కులో ఉన్నదంతా ఉన్నదున్నట్టు ముందే పెన్‌డ్రైవులోకి నకలు తీసి దాచుకోవాలి. చెడిపోయినదాన్ని పూర్తిగా తుడిచేసి ఆ నకలు అందులో ఎక్కించాలి. ఇదంతా వదిన నాకు చెప్పిందే. నేనేమో ఊఁ కొట్టి మళ్ళీ నా జెరాక్సుల్లో పడేదాన్ని.

ఆ నకలు అట్టపెట్టెలోంచి అప్పుడే తీసిన కొత్తదాని నుంచి తీసుకోవాలి. అది పద్ధతి. బడివాళ్ళేమో పెట్టెలు దిగిన రోజే మిఠాయి పంచినట్టు అందరికీ పంచేశారు. సరిగ్గా అలాంటి నెట్‌బుక్కే వదిన దగ్గర ఒకటి ఉంది, అప్పటికే చాలాకాలంగా వాడుతున్నది. మొదటి నెట్‌బుక్కు చెడి కొట్టుకు వచ్చిన రోజున, "కొత్తది ఇప్పుడెక్కడ తెస్తాం, నాదాంట్లోంచే తీసేస్తా" అంది. తీసేముందు తన ఫోటోలు చెరిపింది, ఉత్తరాలు చెరిపింది. అద్దె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఊడ్చినంత శుభ్రంగా ఊడ్చింది. ఒక్కదాన్ని మాత్రం మరిచిపోయింది.

తెలుగులో టైపు చేయడానికి అందులో ఒక సాఫ్టువేరు ఉంది. మనం ఏ మాట తర్వాత ఏ మాట రాస్తామో అది గమనిస్తూ ఉంటుంది. మళ్ళీ మొదటి రెండు అక్షరాలు కొట్టగానే మిగతాది తనే ఊహించి, తెర కింద ఒక పట్టీలో చూపిస్తుంది. కావాలంటే నొక్కుకోవచ్చు. నొక్కితే దాని తర్వాత మాట చూపిస్తుంది. వదిన వేరే ఊళ్ళో ఉన్న తన చెల్లెలికి రోజూ కబుర్లు రాసేది. రాసిన కబుర్లు చెరిపింది గాని, ఆ సాఫ్టువేరు తన దగ్గర నేర్చుకున్నది చెరపలేదు. ఆవిడ మాట తీరంతా నకలుతోపాటు పెన్‌డ్రైవులోకి వెళ్ళిపోయింది.

మొదట్లో అది మాకు పెద్ద వేడుక. లెక్కల మాస్టారు "అన్ని" అని కొట్టబోతే కింద "అన్నం చల్లారిపోతోంది" అని వచ్చేది. బడి పెద్దమ్మగారు తల్లిదండ్రులకు నోటీసు రాయబోతే "తల దువ్వుకుని ఏడిస్తేగా" అని వచ్చిందట. ఆవిడ నెట్‌బుక్కు చంకలో పెట్టుకుని నేరుగా కొట్టుకొచ్చి, "ఎవరండీ నన్ను తిడుతున్నది?" అని అడిగింది. వదిన నాలిక్కరుచుకుంది. ఆవిడ వెళ్ళాక నవ్వి నవ్వి కళ్ళ నీళ్ళు తుడుచుకుంది. తర్వాత తీరిగ్గా సరిచేస్తానంది. అప్పటికే బాగా చిక్కిపోయింది. "ఏంటి వదినా, అద్దంలో చూసుకుంటున్నావా అసలు?" అంటే, "నీలా గుండ్రంగా ఉండడం అందరికీ రాసిపెట్టి ఉండాలిగా" అని నా నోరు మూయించింది. ఆ తీరిక దొరక్కుండానే పోయింది.

గుండె ఆగిపోయిందన్నారు. నేనూ అదే నమ్మాను. కూతురు అప్పుడు హాస్టల్లో ఉండి చివరి పరీక్షలు రాస్తోంది. కబురందుకుని బస్సెక్కి వచ్చేసరికి ఇంటిముందు చెప్పులు గుట్టపడి ఉన్నాయి. ఆ పిల్ల ఏడవలేదు. వచ్చిన ప్రతివాళ్ళనీ పట్టుకుని ఒకటే అడిగింది. "అంత హఠాత్తుగా ఎలా పోతారు? ముందు ఏ నొప్పీ అనలేదా? నాతో మొన్న కూడా బాగానే మాట్లాడిందే." ఊదుడు అన్నయ్య నేల చూపులు చూశాడు. పిల్ల నిలువునా నలిగిపోతోంది. "కష్టపడకుండా పోయింది తల్లీ, పుణ్యాత్మురాలు" అన్నాను. నాకు తెలిసిన ఓదార్పు అదే.

కొన్నాళ్ళకు కొట్టు మళ్ళీ తెరిచాడు. బడి నుంచి చెడిపోయిన నెట్‌బుక్కు ఒకటి వచ్చింది. చెక్క అవతల బుడ్డి బుస్సుమంది. తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. ఇదేంటని తొంగి చూశాను. నకలు ఎక్కించడం అయిపోయింది. టైపు పనిచేస్తోందో లేదోనని ఏదో అక్షరం కొట్టినట్టున్నాడు. ఎదురుగా మనిషి వచ్చి కూర్చుంటే ఎలా చూస్తారో అలా తెర వంక చూస్తున్నాడు.

"చూడు చెల్లెమ్మా" అన్నాడు. పట్టీలో "ఏం తిన్నారు పొద్దుటి నుంచీ" అని ఉంది.

అప్పటి నుంచి ఆయనకు అదే లోకమైంది. నకలు ఎక్కించిన ప్రతి నెట్‌బుక్కునీ వెంటనే ఇచ్చేవాడు కాదు. దాని ముందు కూర్చుని ఒక అక్షరం కొట్టి, వచ్చిన మాట నొక్కి, తర్వాత వచ్చిన మాట నొక్కి, అలా వదిన చేత మాట్లాడించుకునేవాడు. నాకూ చూపించాడు ఒకసారి. "నీ కొట్టు పేరు కొట్టు" అన్నాడు. "జె" అని కొట్టానో లేదో, "జెరాక్సు ఆవిడ మళ్ళీ అలిగింది" అని వచ్చింది. నవ్వొచ్చింది. మరుక్షణం ఏడుపొచ్చింది. పోయిన మనిషి నా గురించి వాళ్ళ చెల్లెలికి చాడీలు చెబుతుంటే చాటుగా విన్నట్టుంది. ఆ తర్వాత మళ్ళీ నేను ఆ మీటల మీద చెయ్యి వెయ్యలేదు.

"వీటిని ఎవరైనా కొన్నాళ్ళు వాడారనుకో" అని ఆయన నాకు పాఠం చెప్పాడు. "వాళ్ళ మాటలు పైకొచ్చేస్తాయి. ఆవిడ మెల్లమెల్లగా వెనక్కి వెళ్ళిపోతుంది. మళ్ళీ తుడిచేసి నకలు ఎక్కిస్తే, ఆ రోజు ఎలా ఉందో అలాగే వచ్చి కూర్చుంటుంది."

అంత మామూలుగా చెబుతుంటే వినలేక నా కొట్టులోకి వచ్చేశాను.

ఇక మొదలైంది గోల. ఒక మీట ఊడిందని తెచ్చినా తుడిచేసేవాడు. చార్జరు పని చెయ్యడం లేదని తెచ్చినా తుడిచేసేవాడు. సైన్సు టీచరు ఏడాది పొడుగునా తయారు చేసుకున్న పాఠాలు గాల్లో కలిశాయి. ఆవిడ కొట్టు ముందు నిలబడి నోటికొచ్చినట్టు తిట్టింది. ఈయన చేతులు కట్టుకుని విన్నాడు. ఆవిడ వెళ్ళాక నేనూ అందుకున్నాను.

"నీ దుఃఖం నీకుంటే ఉండనీ అన్నయ్యా. ఊళ్ళోవాళ్ళ కష్టం నీళ్ళపాలు చెయ్యడానికి నీకేం హక్కుంది?"

"నిజమే" అన్నాడు. మర్నాడు మళ్ళీ అదే చేశాడు.

అట్లాంటి మనిషి, ఊళ్ళో ఉన్నవన్నీ తుడిచి ఎక్కించిన మనిషి, ఒకే ఒక్క నెట్‌బుక్కును మాత్రం ముట్టుకోలేదు. అది కూతురిది. బడివాళ్ళు పాతవి వదిలించుకున్నప్పుడు అడిగి తెచ్చుకుంది. కొన్నేళ్ళు బయటి ఊళ్ళో పనిచేశాక ఆ పిల్లకు ఈ ఊళ్ళోనే ఒక పత్రికాఫీసులో ఉద్యోగం వచ్చి, ఇంటికి చేరి ఎంతోకాలం కాలేదు. నెట్‌బుక్కు కంపెనీ బొమ్మ దగ్గర ఆగిపోయింది. తండ్రి చేతికిచ్చింది. ఆయన రేపన్నాడు. రేపొస్తే ఎల్లుండన్నాడు. పెన్‌డ్రైవు పట్టడం లేదన్నాడు, లోపల ఏదో కాలిందన్నాడు, చివరికి కొత్తది కొనిపెడతానన్నాడు.

"నాకు కొత్తది వద్దు నాన్నా. ఇవన్నీ అమ్మ చేతుల మీదుగా వెళ్ళినవి. ఇదే కావాలి" అంది.

ఆయన రబ్బరు బుడ్డి తీసుకుని, బల్ల మీద లేని దుమ్ము ఊదడం మొదలుపెట్టాడు. కన్నకూతురి పని దగ్గరకొచ్చేసరికి ఈ నీళ్ళు నమలడం ఏంటో నాకు అంతు చిక్కలేదు. బహుశా వదిన మాటలు ఒక్కడే దాచుకుందామని స్వార్థమేమో అనుకున్నాను. అలా అనుకుని లోలోపల తిట్టుకున్నాను కూడా.

తర్వాత ఆయనకు జ్వరం తగిలింది. ఆఫీసుకు సెలవు రోజని కూతురు వచ్చి కొట్టు తెరిచింది. తెచ్చుకున్న వస్తువులు తీసుకెళ్ళేవాళ్ళకు ఇచ్చి పంపింది. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు గోడ మేకుకు వేలాడుతున్న పెన్‌డ్రైవు తీసుకుని, తన నెట్‌బుక్కు పట్టుకుని నా దగ్గరకొచ్చింది.

"అత్తా, కాస్త బల్ల ఇస్తావా? నాన్న బల్ల నిండా మరలే. దీని సంగతి నేనే చూసుకుంటా. చిన్నప్పుడు అమ్మ పక్కన కూర్చుని ఎన్నిసార్లు చూశానో."

"శుభ్రంగా చూసుకో తల్లీ. మీ నాన్నను నమ్ముకుంటే మనవలొచ్చినా కాదు" అన్నాను.

పెన్‌డ్రైవు గుచ్చింది. మీట నొక్కిపట్టి నెట్‌బుక్కు ఆన్ చేసింది. లోపల ఉన్నదంతా పోతుంది, సరేనా అని అడిగింది తెర. సరేనంది. నిజంగానా అని మళ్ళీ అడిగింది. నిజంగానే అంది. నీలం గీత నత్తలా పాకడం మొదలైంది. ఇద్దరం టీ తాగాం. ఆఫీసులో సబ్‌ఎడిటరు కుర్చీలోనే ఎలా గుర్రు పెడతాడో ఆ పిల్ల చేసి చూపిస్తే కడుపుబ్బ నవ్వాం. గీత నిండింది. తెర వెలిగింది.

"పిన్నికి రాస్తా ముందు, బాగుపడిందని" అని టైపు మొదలుపెట్టింది. పిన్నంటే వదిన చెల్లెలు. రెండు మాటలు కొట్టిందో లేదో చేతులు ఆగిపోయాయి.

"అత్తా, ఇదేంటి? నేను పిన్నీ అని కొడితే 'పిన్నీ బాబాయ్ వస్తే బాగుండు' అంటోంది. ఇలా ఎవరు..."

నేను చెప్పాను. ఇన్నాళ్ళూ ఆ పిల్లకు ఈ సంగతి తెలియదని అప్పుడు గాని నాకు తట్టలేదు. వింటూ వింటూ ముఖమంతా విప్పారింది. ఒక్కొక్క అక్షరమే కొట్టి చూసింది. "క" అంటే "కళ్ళజోడు ఎక్కడ పెట్టానో". "మీ" అంటే "మీ బావగారు మళ్ళీ ఊదుతున్నారు". పిల్ల పగలబడి నవ్వుతోంది, కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. "అమ్మే అత్తా, అచ్చం అమ్మే. నాన్న నాకెందుకు చూపించలేదు?" అంది. నాకూ ఆ క్షణాన ఆయన మీద ఒళ్ళు మండింది.

పిన్నికి రాసేది ముగిస్తూ, కింద సంతకంగా తన ముద్దుపేరు కొట్టబోయింది. వదిన ఆ పిల్లను పిచ్చుక అని పిలిచేది. ఆవిడా పిన్నీ తప్ప ఆ పేరు ఎవరూ వాడరు. "పిచ్చు" దాకా కొట్టింది. పట్టీలో "పిచ్చుకకి" అని వచ్చింది. నవ్వుతూ నొక్కింది. "తెలియకూడదు" అని వచ్చింది.

నవ్వు అలాగే ఉండిపోయింది ముఖం మీద. అది నొక్కింది. "పరీక్షలు" అని వచ్చింది. నొక్కింది. "అయ్యేదాకా". నొక్కింది. "పిచ్చుకకి". ఇక ఆ పిల్ల వేలు ఆగలేదు. పిచ్చుకకి తెలియకూడదు పరీక్షలు అయ్యేదాకా పిచ్చుకకి తెలియకూడదు పరీక్షలు అయ్యేదాకా. తెర నిండిపోయి కిందికి జారుతోంది. వదిన నా బల్ల మీద కూర్చుని అదే మాట, అదే మాట చెబుతోంది. నేను చూడలేక ఆ పిల్ల మణికట్టు పట్టుకున్నాను.

"ఏం తెలియకూడదు అత్తా నాకు?"

నాకేం తెలుసు చెప్పడానికి? అప్పుడే ఊదుడు అన్నయ్య తలకు మఫ్లరు చుట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. కూతురు కొట్టు తెరిచిందని ఎవరో చెప్పి ఉంటారు, ఒళ్ళు కాలిపోతున్నా లేచి వచ్చేశాడు. తెర మీద ఏముందో దూరం నుంచి ఆయనకు కనపడదు. పిల్ల ముఖం చూశాడు, చాలింది. గుమ్మం పట్టుకుని అక్కడే కూలబడ్డాడు.

"అమ్మకు జబ్బని నీకు తెలుసు" అంది పిల్ల. అడగలేదు, అంది.

తలాడించాడు.

"పిన్నికీ తెలుసు."

మళ్ళీ తలాడించాడు. "ఒట్టు వేయించుకుంది. నీ పరీక్షలయ్యాక తనే చెబుతానంది. అప్పటిదాకా ఉంటాననే అనుకుంది పిచ్చిది. డాక్టర్లూ అలాగే అన్నారు."

"తను పోయాక? ఇన్నేళ్ళూ?"

ఆయన మఫ్లరు కొసతో ముఖం తుడుచుకున్నాడు. "నీది బాగుచేద్దామని ఎన్నిసార్లో కూర్చున్నాను" అన్నాడు. "నేర్చుకున్నవన్నీ మరిచిపో అని దాంట్లో ఒక మీట ఉంటుంది. నకలు ఎక్కించి అది నొక్కితే చాలు, ఆ మాట నీకెప్పటికీ కనపడేది కాదు. నొక్కలేకపోయానమ్మా. ఆ మాటతోపాటు మీ అమ్మ మాటలన్నీ దాంట్లోంచి పోతాయి. నా చేత్తో ఎలా పంపను?"

నేను ఆయన మీద అరవాలనుకున్నాను. పిల్ల అరుస్తుందని భయపడ్డాను, లేచి వెళ్ళిపోతుందని ఇంకా భయపడ్డాను. వెళ్ళిపోతే ఆ మనిషికి ఇక మిగిలేది ఆ పెన్‌డ్రైవే. పిల్ల లేవలేదు. తెర మీదున్నదంతా చెరిపేసింది. ఆ మరిచిపో అనే మీట ఎక్కడుందో వెతికింది. దొరికింది. దాని వంక చాలాసేపు చూసి, మూసేసింది. మళ్ళీ ఖాళీ తెర తెరిచి టైపు చెయ్యడం మొదలుపెట్టింది.

"పిచ్చుకకి" అని కొట్టింది. "తెలియకూడదు" అంది పట్టీ. పిల్ల దాన్ని నొక్కలేదు. "తెలియాలి" అని తనే అక్షరం అక్షరం కొట్టింది. మళ్ళీ "పిచ్చుకకి". మళ్ళీ "తెలియకూడదు" అంది. మళ్ళీ "తెలియాలి" అని కొట్టింది. చిన్నపిల్ల చేత అక్షరాలు దిద్దించినట్టు, కసీ లేదు, తొందరా లేదు. మధ్యలో ఎవరో ఆధార్ జెరాక్సు కావాలని వస్తే కరెంటు లేదని చెప్పి పంపేశాను. ఫ్యాను తిరుగుతుండగానే ఆ మాట చెప్పాను, అతను నన్నూ ఫ్యానునూ మార్చి మార్చి చూసి వెళ్ళాడు. ఆ పిల్ల కొడుతూనే ఉంది. అన్నయ్య గుమ్మంలో కూర్చుని వేళ్ళనే చూస్తున్నాడు.

చివరికి ఒకసారి "పిచ్చుకకి" అని కొట్టి చేతులు తీసేసింది. పట్టీలో "తెలియాలి" అని వచ్చింది.

నెట్‌బుక్కును తండ్రివైపు తిప్పింది. "చూడు నాన్నా. ఇప్పుడు అమ్మే చెబుతోంది" అంది.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని చదివాడు. చెయ్యి చాచి తెర అంచు తాకాడు. నేను కుర్చీ తెచ్చి వేశాను. లేచి కూర్చున్నాడు.

"ఎక్కడి నుంచి చెప్పను?"

"మొదటిసారి ఆసుపత్రికి వెళ్ళిన రోజు నుంచి."

"ఆ రోజు మమ్మల్ని బస్సెక్కించింది నువ్వే" అన్నాడు. "సెలవలకు వచ్చి ఉన్నావు. కొట్టుకు సామాను కొనుక్కొస్తామని చెప్పాం. నువ్వేమో నీలం గొడుగు తెమ్మన్నావు. ఆసుపత్రివాళ్ళు చేసిన పరీక్షల కాగితాలు చేతికొచ్చాక నేను అక్కడే బెంచీ మీద కూలబడిపోయాను. మీ అమ్మ నన్ను లేపింది. పదండి, గొడుగు కొట్లు మూసేస్తారు అంది. నీలంది దొరుకుతుందేమోనని ఆ వీధంతా తిరిగింది. దొరకలేదు. ఎర్రది తెచ్చాం."

పిల్ల రెండు చేతులతో నోరు మూసుకుంది.

"నేను విసిరికొట్టాను దాన్ని" అంది వేళ్ళ సందుల్లోంచి. "ఒక్క పని కూడా సరిగా చేతకాదా నీకు అని అమ్మను అన్నాను."

"అన్నావు" అన్నాడు ఊదుడు అన్నయ్య. "చెప్పమన్నావుగా తల్లీ. చెబుతున్నాను."